ఊదా రంగు బంగారం

లేజర్ ఆపేసి ఉంది, దాని కింద నమూనా లేదు, అయినా తెర మీద బంగారం కనిపించింది.

మెరిన్ పాస్కో చేతిలోని కాఫీ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఆ సమయంలో అక్కడ కనిపించాల్సింది చదునైన గీత ఒక్కటే. ఏ పరీక్షకైనా ముందు మెషీన్‌లోకి ఉత్త హీలియం వాయువు పంపి, గీత నిద్రపోతోందని చూసుకుని, అప్పుడు పని మొదలుపెట్టడం ఆమెకి అలవాటు. ఈ మంగళవారం పొద్దున గీత నిద్రపోతూ పోతూ ఉన్నట్టుండి సూదిలా లేచింది. పడుకుంది. మళ్ళీ లేచింది.

లేచిన ప్రతిసారీ బంగారం ఒంటరిగా రాలేదు. దాని వెంట పాదరసం వచ్చింది. టెల్లూరియం అనే మూలకం వచ్చింది.

ఆ మూడూ జట్టుగా ఎక్కడ తిరుగుతాయో మెరిన్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కాల్గూర్లీ పెద్ద గనిలో. శుక్రవారం పొద్దున ఆమె ఈ మెషీన్ మీద పరీక్షించింది ఆ గని బంగారాన్నే. శుక్రవారం మధ్యాహ్నం ఇంకొకరి బంగారంలో కూడా ఆ జట్టే కనిపిస్తే, ఇది గనిలోంచి దొంగిలించిన సరుకని రిపోర్టు రాసి సంతకం పెట్టింది కూడా ఆమే.

ఆ ఇంకొకరు ఇప్పుడు కిటికీ అవతల, పెర్త్ జూలై వానలో, క్యాంపింగ్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పక్కన అట్టముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: నేను దొంగని కాను. ఎందుకో లోపల అడగండి.

కాలిబాట నగర కౌన్సిల్ వాళ్ళది కాబట్టి అతన్ని లేపే అధికారం ల్యాబ్‌లో ఎవరికీ లేదు. ఆ విషయం అతనికి బాగా తెలుసు.

నిన్న పొద్దున మెరిన్‌కి అతను మొదటిసారి కనిపించింది ఆమె పార్కింగ్ చోటులోనే. టైర్ల నుంచి టాప్ దాకా ఎర్రమట్టి కొట్టుకుపోయిన, వెనక సామాన్ల తొట్టి ఉన్న యూట్ బండి ఒకటి అక్కడ అడ్డంగా నిలబడి ఉంది. ఆమె దిగి వెళ్ళి అద్దం మీద తట్టింది.

"ఇది స్టాఫ్ పార్కింగ్ అండీ."

"తెలుసు. బోర్డు చదివాను."

"చదివితే తీయండి మరి."

"నా బంగారం మీవాళ్ళు తీసుకున్నారు. మీ పార్కింగ్ నేను తీసుకున్నాను. చెల్లుకి చెల్లు."

అతనికి ముప్పై ఏళ్ళు ఉండవు. గడ్డం గీసుకుని కొన్నాళ్ళయింది. నవ్వడం లేదు గానీ, కళ్ళు మాత్రం ఎవరైనా తనతో గొడవ పడితే బాగుండునన్నట్టు ఉన్నాయి.

"ఎవరి బంగారం?"

"దామిర్ రాడిచ్ బంగారం. రిపోర్టు కింద ఎవరో ఎం. పాస్కో అట. ముసలాయన అయ్యుంటాడు. కళ్ళజోడు తుడుచుకునే అలవాటు లేదనుకుంటా."

"నేను రోజూ తుడుచుకుంటాను," అంది మెరిన్.

దామిర్ ఒక్క క్షణం ఆమె కళ్ళజోడు వైపు చూశాడు. దాని మీద వాన చుక్కలు వరసగా కూర్చుని ఉన్నాయి.

"ఇవాళ్టికి ఇంకా తుడుచుకోలేదు."

"మెషీన్ అబద్ధం చెప్పదు మిస్టర్ రాడిచ్."

"మెషీన్ నోరు తెరవలేదండీ. చెప్పింది మీరు."

ఆమె కారు రెండు వీధుల అవతల పెట్టుకుని, తడుచుకుంటూ ఆఫీసుకి వచ్చింది. దారి పొడుగునా అతనికి చెప్పాల్సిన జవాబులు ఒకదాన్ని మించి ఒకటి తట్టాయి. ఒక్కటీ అక్కడుండగా తట్టలేదు. దాంతో రోజంతా అతని మీద కోపంగా ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఆ కోపం కిటికీ దగ్గరికి ఎందుకు అన్నిసార్లు లాక్కెళ్ళిందో ఆమెకే అర్థం కాలేదు.

ఇప్పుడు కిటికీ వైపు చూసే ధైర్యం లేదు.

ఆ మెషీన్ పద్ధతి చెప్పుకుంటే సులువే. లేజర్ బంగారాన్ని తాకితే కంటికి ఆనని ధూళి లేస్తుంది. హీలియం ఆ ధూళిని సన్నటి ప్లాస్టిక్ ట్యూబ్‌లోంచి మోసుకెళ్ళి ప్లాస్మా అనే మండే వాయువులో పడేస్తుంది. సూర్యుడి ఒంటి మీది వేడి దాని ముందు దిగదుడుపే. అందులో ధూళి పరమాణువులుగా విడిపోతే, మెషీన్ ఒక్కొక్క రకాన్నీ వేరుచేసి లెక్కపెడుతుంది. బంగారం ఎక్కడైనా బంగారమే. దానికి అంటుకున్న మురికే అది ఏ ఊరిదో చెబుతుంది.

చిక్కల్లా ధూళిలోని లావుపాటి రేణువులతోనే. అవి దారిలో ట్యూబ్ వంపు దగ్గర అతుక్కుని, తర్వాత ఎప్పుడో తమకి బుద్ధి పుట్టినప్పుడు ఊడి వస్తాయి. అందుకే ఒక్కో నమూనాకి ఒక్కో కొత్త ట్యూబ్. మార్చినవాళ్ళు దానికి పచ్చ ట్యాగ్ కట్టాలి. ఆ నియమం పెట్టింది ల్యాబ్ పెద్ద డాక్టర్ హాల్‌స్టెడ్. మెరిన్‌కి ఈ విద్య నేర్పింది ఆయనే.

శుక్రవారం ఆమె భోజనం చేసి వచ్చేసరికి ట్యూబ్‌కి కొత్త పచ్చ ట్యాగ్ ఉంది. ల్యాబ్‌లో ఎవరికి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు మార్చడం మామూలే. ఆమె ఎవరినీ అడగలేదు. హీలియం పంపి చూస్తే అప్పుడు గీత కూడా నిద్రపోతూనే ఉంది.

మెరిన్ ట్యూబ్ విప్పి దీపం ముందు పెట్టి చూసింది. ట్యాగ్ కొత్తదే. ట్యూబ్ వంపు లోపల మాత్రం వంకాయ తొక్క మీద మెరుపులాంటి ఊదా రంగు పొర. బంగారం అంత సన్నటి ధూళి అయ్యాక పసుపుగా ఉండదు, ఊదాగా మారిపోతుంది. ఒక్క పూట వాడిన ట్యూబ్‌కి అంత పొర కట్టదు.

ఎవరో పాత ట్యూబ్‌కి కొత్త ట్యాగ్ కట్టారు.

డాక్టర్ హాల్‌స్టెడ్ అప్పుడే తన గదిలోకి వచ్చి సైకిల్ హెల్మెట్ తీస్తున్నాడు. ఆమె చెప్పింది విని, హెల్మెట్‌ని బల్ల మీద చాలా నెమ్మదిగా పెట్టాడు.

"ట్యాగ్ ఉంది కదా మెరిన్."

"ట్యాగ్ ఉంది డాక్టర్. ట్యూబే మారలేదు."

"రిపోర్టు వెళ్ళిపోయింది. గురువారం కోర్టు. తెర మీద నాలుగు సూదులు లేచాయని కేసు తిరగతోడమంటావా?"

"ఆ నాలుగు సూదులు చూసే కదా ఒక మనిషిని జైలుకి పంపుతున్నాం."

ఆయన ఆమె వైపు కాకుండా కిటికీ వైపు చూశాడు. "ఆ ట్యూబ్ పారేసి కొత్తది పెట్టు. బయట ఉన్నవాడితో మాట్లాడకు. నిందితులతో మనవాళ్ళు మాట్లాడితే ఏమవుతుందో తెలుసుగా. ఇది నా మాటగా కాదు, ఆర్డర్‌గా తీసుకో."

మెరిన్ బయటికి వచ్చింది. ట్యూబ్‌ని పారేయలేదు. సాక్ష్యం కవరులో పెట్టి సీలు వేసింది. ఆ తర్వాత గొడుగు తీసుకుని, అందరూ చూస్తుండగా, ముందు తలుపు లోంచే వీధిలోకి నడిచింది.

దామిర్ తల ఎత్తాడు. "నన్ను తోసేయడానికి వచ్చారా?"

"మీతో మాట్లాడొద్దన్నారు."

"మాట్లాడుతున్నారుగా."

"మీతో కాదు, వానతో. మీరు వింటే అది నా తప్పు కాదు."

అతను ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "కానివ్వండి."

మెరిన్ గొడుగు అంచు నుంచి కారుతున్న నీళ్ళ వైపు చూస్తూ మొదలుపెట్టింది. "ఏమే వానా, మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. ఏ నమూనా వచ్చినా సగమే పరీక్షిస్తాం. మిగతా సగం సీలు వేసి నిందితుడి కోసం ఉంచుతాం. అతను వచ్చి నా కళ్ళ ముందు మళ్ళీ చేయండి అంటే, చేసి తీరాలి. అడగాలని మాత్రం అతనికి ఎవరూ చెప్పరు."

దామిర్ కూడా ఆకాశం వైపు తిరిగాడు. "వానా, ఆవిడని ఒక మాట అడుగు. మొన్నటిదాకా మెషీన్ అబద్ధం చెప్పదంది కదా?"

"నిన్ననే. మొన్న కాదు."

"వానకి తేదీలు పట్టవు."

మెరిన్‌కి నవ్వు వచ్చింది. ఆపుకుంది. "ఆ బంగారం ఎలా దొరికిందో అతను చెప్తాడేమో అడుగు."

"ఓరా బండా అనే ఊరి అవతల, లైసెన్సు తీసుకున్న జాగాలో. మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఏడాది తిరిగితే కందిపప్పు గింజలంత ముక్కలు దొరికాయి. యూట్ బండిలో సీట్ల కింద పడిపోతున్నాయని గ్యాస్ టార్చ్ మంట మీద కరిగించి ఒక్క బిళ్ళ చేశాను. అదే కొంప ముంచింది. దొంగలే కరిగిస్తారట."

మెరిన్ వానని మర్చిపోయి నేరుగా అతని ముఖంలోకి చూసింది. "కరిగించారా?"

"మీకు తెలీదా?"

"నా దగ్గరికి వచ్చింది సీసాలో తురుము మాత్రమే. కరిగించారని ఎవరూ చెప్పలేదు." ఆమె గొంతు తగ్గింది. "బంగారం కరిగే లోపే పాదరసం పొగై ఎగిరిపోతుంది. మీ బిళ్ళలో అది ఉండే దారే లేదు. నేను చూసిన పాదరసం మీది కాదు."

గొడుగు అతని వైపుకి ఎప్పుడు వాలిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ఆమె ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది.

"ఇది నాకు మంచి కబురే కదా?" అన్నాడు దామిర్.

"మీకు మంచిదే."

"మీకు?"

"సంతకం నాది. తప్పు అని తేలితే ఇక ఏ కోర్టూ నా మాట నమ్మదు. ఈ పనిలో కోర్టు నమ్మని మనిషి గిన్నెలు కడుక్కోవాల్సిందే."

"మరి ఎందుకు చెబుతున్నారు?"

"అబద్ధం కింద నా పేరు ఉంది. అది అక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు."

దామిర్ కాళ్ళ దగ్గరున్న డబ్బా తీసి మూత తెరిచాడు. పంచదార అద్దిన చిన్న చిన్న వేపుడు ఉండలు. "మా అమ్మమ్మ చేసింది. స్ప్లిట్ అనే రేవు పట్నం నుంచి ఓడలో వచ్చినా వంట మాత్రం మార్చలేదు. తీసుకోండి."

"నిందితుల దగ్గర ఏమీ తీసుకోకూడదు."

"మాట్లాడకూడదని కూడా అన్నారుగా."

ఆమె రెండు తీసుకుంది.

"లోపలికెళ్ళి అడగండి రాడిచ్," అంది నోటి నిండా తీపితో. "మీ బండి కూడా తీయండి. నా కాళ్ళు నొప్పెడుతున్నాయి."

"మొదటిది ఇప్పుడే. రెండోది కేసు గెలిచాక."

బుధవారం పొద్దున, దామిర్ అడిగిన మళ్ళీ పరీక్ష చూడటానికి, కేసు చూస్తున్న పోలీసు సార్జెంట్ క్విన్లన్ వచ్చింది. యాభై దాటిన మనిషి. సంతోషంగా ఉన్నా విసుక్కున్నట్టే మాట్లాడుతుంది. తురుము సరిపోల్చుకోవడానికి సీలు సంచిలో దామిర్ బిళ్ళని కూడా వెంట తెచ్చింది. ల్యాబ్‌లోని మిగతా ఏడుగురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. దామిర్ గాజు తలుపు అవతల ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

మెరిన్ కొత్త ట్యూబ్‌ని అందరి ముందు చుట్టలోంచి కత్తిరించింది. బిగించింది. ఉత్త హీలియం పంపింది. గీత కదలకుండా పడుకుంది.

లేజర్ వేసింది.

బంగారం లేచింది. వెండి లేచింది. కాస్త రాగి. పాదరసం గీత నేలకే అతుక్కుని ఉంది. టెల్లూరియం గీత దాని పక్కనే నిద్రపోతోంది.

"ఆ రెండూ ఏవీ?" అంది సార్జెంట్.

"లేవు. ఆయన బంగారంలో ఎప్పుడూ లేవు." మెరిన్ సీలు విప్పి పాత ట్యూబ్ తీసి బిగించింది. లేజర్ ఆపేసింది. నమూనా తీసేసింది. అందరూ తెర వైపు చూస్తుండగానే గీత సూదిలా లేచింది. మూడూ జట్టుగా.

సార్జెంట్ చాలాసేపు ఆ సూదుల వైపు చూసింది. తర్వాత గాజు తలుపు తీసింది.

"రాడిచ్, రేపు కోర్టులో కేసు వెనక్కి తీసుకుంటాం. ఇదిగో మీ బిళ్ళ. అందిందని సంతకం పెట్టి ఇంటికెళ్ళండి." తర్వాత గోడ వైపు తిరిగింది. "ఇక ఆ ట్యాగ్ సంగతి. ఎవరు కట్టారు?"

ఏడుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"రిపోర్టు మీద పేరు పాస్కోది. ట్యూబ్ బాధ్యత పరీక్ష చేసినవాళ్ళదే. ఎవరూ చెప్పకపోతే ఆమెదే తప్పని రాసుకుంటాను."

డాక్టర్ హాల్‌స్టెడ్ బూట్ల వైపు చూసుకుంటున్నాడు. మెరిన్ ఆయన వైపే చూస్తోంది. ఈ గదిలో తన తరఫున ఒక్క మాట చెప్పగలిగింది ఆయనే.

"రాసుకోండి," అంది మెరిన్. "కానీ నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. ట్యాగ్ చూసి నమ్మాను, అది నా తప్పే, ఒప్పుకుంటాను. ట్యాగ్ కట్టింది నేను కాదు. అది నేనని రాసిన కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టను. ఉద్యోగం తీసుకుంటారా, తీసుకోండి. నా చేత అబద్ధం మాత్రం రెండోసారి చెప్పించలేరు."

"అయితే నేనూ పెట్టను," అన్నాడు దామిర్.

సార్జెంట్ అతని వైపు తిరిగింది. "మీరేం పెట్టరు?"

"సంతకం. ఆ బిళ్ళ నాకొద్దు. మీ దగ్గరే ఉంచుకోండి."

"మీకేమైనా పిచ్చా? వస్తువు తిరిగి ఇవ్వకుండా నేను ఫైలు మూయలేను."

"మూయకండి. ట్యాగ్ ఎవరు కట్టారో తేలేదాకా తెరిచే ఉంచండి. నేను ఇక్కడే కూర్చుంటాను." అని అతను నిజంగానే గది మధ్యలో నేల మీద కూర్చున్నాడు, బురద బూట్లతో సహా.

"ఇరవై ఏళ్ళ నుంచి దొంగ బంగారం కేసులు చూస్తున్నాను. నా బంగారం నాకొద్దన్నవాణ్ణి మాత్రం చూడలేదు," అంది సార్జెంట్. "ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

"ఇంకా ఏమీ అవలేదు. అయితే బాగుండునని ఉంది."

గోడ దగ్గర ఎవరో దగ్గారు. మెరిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ సంగతి నన్ను అడగొద్దా?" అంది. మీరు అనాలో నువ్వు అనాలో తేలక, మాటని గాల్లోనే వదిలేసింది.

"అడుగుదామనే ఉంది. కానీ ఇప్పుడు అడిగితే, పాపం ఉద్యోగం పోయిందని జాలిపడ్డాడనుకుంటావు. ముందు నీ పేరు నీకు తిరిగి రానీ. అప్పుడు అడుగుతాను. వద్దనుకుంటే వద్దను, యూట్ ఎక్కి వెళ్ళిపోతా."

"ఇంటికెళ్ళి మీ అమ్మమ్మకి ఏం చెబుతావు? ఏడాది కష్టం నేల మీద కూర్చుని వదిలేశానంటావా?"

"మా అమ్మమ్మకి తెలిస్తే తనే వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నాకంటే మొండిది."

మెరిన్ కళ్ళజోడు తీసింది. తెల్ల కోటు అంచుతో రెండు అద్దాలూ శుభ్రంగా తుడుచుకుంది. పెట్టుకుని, అతన్ని తీరిగ్గా చూసింది. తర్వాత వెళ్ళి, ల్యాబ్ మొత్తం చూస్తుండగా, నేల మీద అతని పక్కన కూర్చుంది.

"నా పేరు వాళ్ళు ఇచ్చేదాకా నేనెందుకు ఆగాలి? అది వాళ్ళ దగ్గర లేదు, నా దగ్గరే ఉంది," అంది. "అడుగు."

"నాతో వస్తావా పాస్కో? ముందు మా అమ్మమ్మ ఇంటికి భోజనానికి. ఆ తర్వాత ఎక్కడికంటే అక్కడికి."

"వస్తాను. ముందు నీ బండి నా పార్కింగ్‌లోంచి తీస్తేనే."

సార్జెంట్ క్విన్లన్ పెన్ను మూత పెట్టేసింది. "ఇది నేను ఎక్కడ రాసుకోవాలి?" అని పైకప్పుని అడిగింది.

అప్పుడు గోడ దగ్గర నుంచి డాక్టర్ హాల్‌స్టెడ్ ముందుకి వచ్చాడు. ఒక్క పూటలో ఆయన కొంచెం పొట్టిగా అయినట్టు ఉన్నాడు. నేల మీద కూర్చున్న ఇద్దరి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పెన్ను తెరవండి సార్జెంట్," అన్నాడు. "ట్యాగ్ కట్టింది నేను. శుక్రవారం మెరిన్ భోజనానికి వెళ్ళినప్పుడు ట్యూబ్ మారుద్దామని చుట్ట తీస్తే, ఒక్క ముక్కకి సరిపడా కూడా మిగల్లేదు. కొత్త చుట్ట సోమవారం గానీ రాదు. మీరేమో సాయంత్రానికి రిపోర్టు కావాలన్నారు. పాత ట్యూబ్‌లోంచి అరగంట గాలి వదిలాను, సరిపోతుందనుకున్నాను. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు అలాగే చేసేవాళ్ళం. ఆ నియమం పెట్టింది నేనే కదా, అది నాకోసం కాదు, మిగతావాళ్ళ కోసం అనుకున్నాను. మెరిన్ వచ్చి చెప్పిన నిమిషంలోనే నాకు అర్థమైంది. అర్థమయ్యాకే ఆ ట్యూబ్ పారేయమన్నాను. ఆమె నా మాట వినలేదు. నేను నేర్పినవాళ్ళలో నా మాట విననిది ఈ అమ్మాయి ఒక్కతే, అందుకే ఈ కుర్రాడు ఇవాళ జైలు బయట ఉన్నాడు. ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయండి. ఆ బిళ్ళ అతనికి ఇచ్చేయండి. దాంతో ఆమెకి ఉంగరం చేయిస్తే చేయించనివ్వండి, నాకు సంతోషమే. పరీక్షకి మాత్రం నా దగ్గరికి తేవద్దని చెప్పండి. రేపటి నుంచి ఆ లేజర్ ముందు నేను కూర్చోను, ఆమె కూర్చుంటుంది."